కళ్లు చూడని క్యాజువాల్టీ

మంచం కమ్మీ పట్టుకోకుండా కూర్చోలేని మనిషిని వీల్‌చైర్లో ఆటో దాకా తోసుకొచ్చి ఇంటికి పంపేశారు. చేతిలో 'సీటీ నార్మల్' అన్న రిపోర్టు, కళ్లు తిరగడానికి మాత్రల చీటీ. మూడో రోజు మగతలోకి జారుకుంటే మళ్లీ అదే ఆస్పత్రికి పరుగు. ఈసారి ఎంఆర్‌ఐ తీస్తే చిన్నమెదడులో పక్షవాతం, చుట్టూ వాపు. ఆపరేషనై ఐసీయూలో ఉన్న ఆయన సూళ్లూరుపేట నుంచి వచ్చి చెన్నైలో టిఫిన్ సెంటర్ పెట్టుకున్న మనిషి. వాంతులు మొదలైన గంటలోపే ఇంటివాళ్లు క్యాజువాల్టీకి చేర్చారు. వాళ్లు చేయాల్సింది వాళ్లు చేశారు.

మౌంట్ రోడ్డు నుంచి ఓఎంఆర్ దాకా ఎటు చూసినా ఆస్పత్రుల పక్షవాతం హోర్డింగులే. నాలుగున్నర గంటల్లోపు రండి, ప్రతి నిమిషమూ ముఖ్యమే అంటాయి. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడమే కాదు, ఉన్నట్టుండి తూలడం కూడా పక్షవాత లక్షణమేనని బొమ్మలు వేసి మరీ చెబుతాయి. తీరా తూలుతూ వచ్చినవారికి గ్యాస్ అనో, బీపీ అనో, మెడ నరాలనో తోచిన పేరు పెట్టి వాంతుల ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారు. బోర్డు మీద ఒక మాట, బెడ్డు దగ్గర ఇంకో మాటా?

రద్దీ ఎక్కువ, కళ్లు తిరుగుతూ వచ్చేవారిలో చాలామందిది చెవి సమస్యే, అందరికీ ఎంఆర్‌ఐ తీయలేం అని డాక్టర్లు అంటారు. నిజమే. అందరికీ తీయమని మేమూ అనడం లేదు. మిషన్ కంటే ముందు రోగి కళ్లు చూడమంటున్నాం.

సీటీ రక్తస్రావాన్ని బాగా పట్టిస్తుంది. రక్తనాళం పూడుకుపోయి చిన్నమెదడు దెబ్బతింటే మాత్రం తొలి గంటల్లో చాలావరకు పట్టించలేదు. అక్కడి దట్టమైన ఎముకలు బొమ్మను చెడగొడతాయి. మొదటి రెండు రోజుల్లో ఎంఆర్‌ఐ కూడా కొన్నిసార్లు తప్పుతుంది. ఇదేమీ నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 101 మంది రోగులపై జార్జ్ కట్టా, డేవిడ్ న్యూమన్-టోకర్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మంచం పక్కనే చేసే 'హింట్స్' అనే మూడు కంటి పరీక్షలు తొలి ఎంఆర్‌ఐ కంటే మెరుగ్గా పక్షవాతాన్ని పట్టుకున్నాయి.

తల తిరుగుడు ఆగకుండా సాగుతూ, కనుగుడ్లు వాటంతటవే అదురుతున్నవారికి చేసే పరీక్ష ఇది. డాక్టరు తన ముక్కు వైపే చూడమని, రోగి తలను రెండు చేతులతో పట్టుకుని చటుక్కున కొద్దిగా పక్కకు తిప్పుతారు. చూపు జారి, ఒక్క కుదుపుతో మళ్లీ ముక్కు మీదికి వస్తే లోపం చాలావరకు చెవి నరంలోనే. జారకుండా నిలిచిందంటేనే భయపడాలి, లోపం మెదడులో ఉండొచ్చు. ఎటు చూస్తే అటు అదురు దిశ మారుతోందా, కళ్లను ఒకదాని తర్వాత ఒకటి మూసి తెరిస్తే చూపు పైకో కిందికో సర్దుకుంటోందా అన్నవి మిగతా రెండు. వీటిలో ఏది కనిపించినా అనుమానం మెదడు మీదే. కొత్తగా చెవుడు వచ్చిందా, ఆనుకోకుండా కూర్చోగలరా అనీ చూడాలి. ఇదంతా కొద్ది నిమిషాల పని.

పక్క మీద దొర్లినప్పుడు మాత్రమే కాసేపు తల గిర్రున తిరిగేవారి సంగతి వేరు. తలను ఒక క్రమంలో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి అక్కడికక్కడే ఉపశమనం దొరుకుతుంది, మామూలుగా స్కాను అక్కర్లేదు. అయినా వాళ్లకూ సీటీ బిల్లు వేస్తూనే ఉన్నారు. అక్కర్లేనివారికి బిల్లు, అవసరమున్నవారికి తప్పుడు భరోసా!

తల తిరుగుడు ఆగకుండా సాగే రోగుల్లో సీటీని నమ్ముకోవద్దని, శిక్షణ ఉన్న వైద్యులు హింట్స్ చేయాలని, వారు లేకుంటే ఎంఆర్‌ఐకి వెళ్లాలని అమెరికాలోని అత్యవసర వైద్య నిపుణుల సంఘం 2023లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నేర్చుకోనివారు చేస్తే ఈ పరీక్షను నమ్మలేం. కాబట్టి నేర్పించాలి. ప్రచారానికి దొరికే డబ్బు రాత్రి డ్యూటీ డాక్టర్ల శిక్షణకు ఎందుకు దొరకదు?

లేచి నిలబడలేని మనిషి చేతిలో 'నార్మల్' కాగితం పెట్టే ఆస్పత్రికి పక్షవాతం గురించి జనానికి పాఠాలు చెప్పే హక్కు లేదు. ముందు మీ క్యాజువాల్టీకి నేర్పండి. అందాకా ఆ హోర్డింగులు దించేయండి.