బారా హాత్ గుర్రం

మా బామ్మర్దికి ఏడాదికో వ్యాపారం మీద గాలి మళ్లుతుంది. నిరుడు కడక్‌నాథ్ కోళ్లు, అంతకు ముందేడు పుట్టగొడుగులు. ఈసారి గుర్రం.

"బావా, హన్మకొండల పెండ్లి అంటే బరాత్ ఉండాలె. బరాత్ అంటే గుర్రం ఉండాలె. ఒక్క రాత్రికి ఎంత గుంజుతున్నరో ఎర్కేనా?" అని మొదలుపెట్టాడు.

1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు మీద పడి మన ఏనుగుల్నీ గుర్రాల్నీ ఢిల్లీకి తోలుకుపోయాడు. ఏడు వందల ఏళ్ల తరవాత ఒక్క గుర్రాన్నైనా ఉత్తరాది నుంచి వెనక్కి తెచ్చే రాత మా ఇంటికే ఉందని ఎవరనుకున్నారు!

వాడికి తెలిసిన లారీ డ్రైవర్ ఒకాయన ఆపిల్ లోడు కోసం హిమాచల్ పోతుంటాడు. అక్కడ రాంపూర్ బుషహర్‌లో ఏటా నవంబర్‌లో లవీ మేళా జరుగుతుంది. మేళాకు ముందు గుర్రాల సంత. స్పితి లోయ వైపు నుంచి కొండ గుర్రాలు అక్కడికి దిగుతాయి. డ్రైవర్ ఫోన్లో ఒక ఫోటో పంపాడు. వెనక మంచుకొండ, ముందు గుర్రం. పక్కన మనిషి గానీ, కుర్చీ గానీ ఏమీ లేవు. చూడ్డానికి మహారాజులా ఉంది. ఎత్తెంత అని అడిగితే "బారా హాత్" అని కబురొచ్చింది.

లెక్క తేల్చే పని నాకు పడింది. నేను లెక్కల మాస్టారిని. హాత్ అంటే చెయ్యి. చెయ్యి అంటే మూర. మూరకు అడుగున్నర చొప్పున పన్నెండు మూరలకు పద్దెనిమిది అడుగులు.

"జిరాఫీ అయితది గద బావా," అన్నాడు వాడు కొంచెం బెదిరి.

"అమ్మేవాడు పెంచే చెబుతాడురా. సగానికి సగం కొట్టేసినా తొమ్మిది అడుగులు," అని ధైర్యం చెప్పాను. ఆ ధైర్యంతో పాటు నా ముప్పై వేలు కూడా పోయాయి. గుర్రం తల తగలకూడదని రేకుల షెడ్డును పదడుగులకు లేపించాం.

గుర్రాల బేరంలో హాత్ అంటే నాలుగంగుళాలే అన్న సంగతి లారీ డాలా దించాక తెలిసింది.

దాదాపు రెండు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి, గడ్డిమోపుల వెనక నుంచి ఒక బొచ్చు ముద్ద బయటికొచ్చింది. సరిగ్గా నాలుగడుగులు. కళ్ల మీద జూలు, ఒళ్లంతా చలికాలపు బొచ్చు. హారతి పళ్లెంతో ఎదురొచ్చిన మా అత్తమ్మ అక్కడే ఆగిపోయింది.

"గిదేంది బిడ్డా, గుర్రమా గుడ్డెలుగా?"

"పిల్ల గుర్రమే అమ్మా, పెరుగుతది," అన్నాడు వాడు. పశువుల డాక్టరు వచ్చి పళ్లు చూసి, దీనికి ఎనిమిదేళ్లు దాటాయి, ఇక పెరిగేదేం లేదన్నాడు. జాతి మాత్రం గట్టిదట. మంచులో, గాలి పలచగా ఉండే చోట బరువులు మోసి బతికిన రకం. ఎండుగడ్డి చాలు, ముద్దు చేసి బెల్లం, దాణా దండిగా పెడితే డెక్కల లోపల వాపొచ్చి కుంటుతుందని గట్టిగా చెప్పి పోయాడు. అప్పటికే తెచ్చిపెట్టిన బస్తా ఉలవల్ని ఏం చేస్తాం? నెల రోజులు మా రెండిళ్లలోనూ ఉలవచారే.

మొదటి గిరాకీ కాజీపేటలో. పెళ్లికొడుకు ఆరడుగుల పొడుగు. డీజే అదిరిపోతున్నా, చెవుల పక్కనే పటాకులు పేలుతున్నా గుర్రం కన్నార్పలేదు. దాని తప్పేమీ లేదు. పెళ్లికొడుకు కాళ్లే నేలకు జానెడు ఎత్తున వేలాడుతున్నాయి. గుర్రం మీద కూర్చున్నాడో, గుర్రాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని నడుస్తున్నాడో చూసేవాళ్లకు తెలియడం లేదు. దోస్తులు ఫోన్లు తీసేసరికి వీధి మలుపులోనే దిగిపోయాడు. సగం పైసలే చేతికొచ్చాయి. ఆ తరవాత ధనుర్మాసం, పెళ్లిళ్లే లేవు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మా ఆవిడ రోజూ ఒకసారి అనేది. అది గుర్రాన్నో, తమ్ముణ్నో నేను అడగలేదు.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు అత్తమ్మ వాళ్ల డాబా మీద సకినాల పని పెట్టుకున్నారు. తడిపిండిలో నువ్వులు, వాము కలిపి, రెండు తెల్ల పంచెలు పరిచి, వేళ్ల సందుల్లోంచి పిండి మెలిపెడుతూ ఒకదాని చుట్టూ ఒకటి చుట్లు తిప్పుతున్నారు. ఆడవాళ్లంతా టీకని కిందికి దిగారు. కట్టు ఎప్పుడు తెంపుకుందో, కొండ గుర్రం మెట్టుకు మెట్టు ఇరవై రెండు మెట్లెక్కి పైకి చేరింది. మేం వెళ్లేసరికి మొదటి పంచె మీద ఒక వరస మొత్తం లేదు. మిగిలిన వాటి మీద డెక్కల ముద్రలు. మూతికి పిండి, మీసాలకు నువ్వులు. అది పిట్టగోడ దగ్గర నిలబడి పద్మాక్షి గుట్ట వైపు చూస్తోంది, పుట్టింటిని చూసినట్టు.

ఎక్కిన గుర్రం దిగనంది. మెట్ల అంచు దాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి పోతోంది. సలహాలకు కొదవా? కళ్లకు తువ్వాలు కట్టమని ఒకరు, క్రేన్ పిలిపించమని ఒకరు. నేను మళ్లీ లెక్కల్లోకి దిగాను. పక్కింటి కట్టుబడి దగ్గర నలభై ఇసుక బస్తాలు అడుక్కొచ్చి, మెట్లకు ఒక పక్కగా పేర్చి, మీద చెక్కలు పరిచి వాలుదారి కట్టించాను. వాలు ఎన్ని డిగ్రీలో కూడా చెప్పాను. ఎవరూ వినలేదు. బస్తాలు మోసి బామ్మర్ది నడుం పట్టేసింది.

ఇంతలో అత్తమ్మ, "మీ లెక్కలు తెల్లారెదాక గావు, నూనె కాగింది," అంటూ రెండో పంచె మీది సకినాల్ని పళ్లెంలోకి తీసుకుని మెట్లు దిగింది. వాము వాసన తగిలిందేమో, గుర్రం ఆమె వెనకే కదిలింది. నా వాలుదారి వైపు కూడా చూడలేదు. పక్కన మిగిలిన జానాబెత్తెడు జాగాలో, ఒక్కో డెక్క ఆచితూచి వేస్తూ మెట్ల మీదుగానే దిగి, పొయ్యి దగ్గర నిలబడింది.

ఇసుక బస్తాలు తిరిగి మోయాల్సింది నేనే అయ్యాను. నడుం పట్టిన వాడు మంచం మీద నుంచే ఫోన్లు ఎత్తుతున్నాడు.

మాఘమాసం రాగానే గిరాకీ మళ్లీ మొదలైంది. పెళ్లిళ్లకు కాదు, ధోతీ ఫంక్షన్లకు. పదేళ్ల పిలగాడు పట్టుపంచెతో దాని మీద కూర్చుంటే కొలత తీసి కుట్టించినట్టుంటుంది. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా మా బామ్మర్ది తారీఖు కంటే ముందు ఒక్కటే అడుగుతాడు:

"అన్నా, మీ ఫంక్షన్ హాల్ కిందనా, పైననా?"