ఎన్ని పిండాలు? ముందే తేల్చుకోవాలి

సంతానం కోసం తెలుగువారు చెన్నై రావడం కొత్త కాదు. నెల్లూరులోనో సూళ్లూరుపేటలోనో పొద్దున్నే రైలెక్కితే స్కాన్ చేయించుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. వీరిలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. నగరంలోనే స్థిరపడి, ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్లే దంపతులూ ఉన్నారు. బైబిల్లో ఆలస్యంగా బిడ్డను కన్న హన్నాను, ఎలీసబెతును తలచుకుని వీరి కోసం ప్రార్థించని సంఘం అరుదు. బిడ్డ పుట్టాక సాక్ష్యం చెప్పించని సంఘమూ అరుదే. ఈ రెంటికీ మధ్య, అండాన్ని శరీరం బయట ఫలదీకరించే ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఏం జరిగిందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. గర్భస్రావం పాపమని గట్టిగా ప్రసంగించే వేదికల మీద, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల వద్ద నిలవ ఉన్న పిండాల ఊసే రాదు. ప్రాణం ఫలదీకరణతోనే మొదలవుతుందని బోధించేవారికి ఈ మౌనం తగదు.

ల్యాబ్ లెక్క చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి 9 నుంచి 12 రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మామూలుగా నెలకు ఒక్క అండం పక్వమయ్యే చోట పది, పన్నెండు ఎదుగుతాయి. అండాలను చివరిగా పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడిన 34–36 గంటలకు మత్తు ఇచ్చి సూదితో వాటిని బయటికి తీస్తారు, దీన్నే పికప్ అంటారు. 12 దొరికితే పక్వమైనవి తొమ్మిదో పదో ఉంటాయి. వీర్యకణంతో కలిపిన 16–18 గంటలకు సూక్ష్మదర్శినిలో చూస్తే సరిగా ఫలదీకరణ అయినవి ఆరో ఏడో. ఐదో రోజుకు, గర్భసంచిలో పెట్టడానికి తగినంత ఎదిగిన బ్లాస్టోసిస్ట్ దశకు వచ్చేవి మూడు, నాలుగు. 35 ఏళ్లలోపు వారికి ఇది సుమారు లెక్క. నలభై దాటితే ప్రతి మెట్టులోనూ తగ్గుతుంది. ఒకటి గర్భసంచిలోకి వెళ్తుంది, మిగిలినవి ట్యాంకులోకి. మొదటి ప్రయత్నమే ఫలించి, ఇంట్లో ఇద్దరు బిడ్డలు చాలనుకున్నాక, ఆ మిగిలినవాటిని ఏం చేయాలని దంపతులు పాస్టరుగారిని అడుగుతారు. అప్పటికి ఆయన చెప్పగలిగేది పెద్దగా ఉండదు. ఎన్ని అండాలను ఫలదీకరించాలో తేల్చుకోవాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక సంఘం బోధలో అస్పష్టత లేదు. 1987 నాటి వాటికన్ పత్రం 'దోనుమ్ వీతే', భార్యాభర్తల సొంత అండం, సొంత వీర్యమే వాడినా సరే, దాంపత్య కలయిక స్థానంలో ల్యాబ్ రావడాన్ని అంగీకరించలేదు. 2008లో వచ్చిన 'దిగ్నితాస్ పెర్సోనే' నిలవ పిండాల పరిస్థితిని పరిష్కారం దొరకని అన్యాయమంది. వాటిని వేరే దంపతులు దత్తత తీసుకోవడం మంచి ఉద్దేశమేనని ఒప్పుకుంటూనే అందులోని చిక్కులను ఎత్తిచూపింది. ఐవీఎఫ్ కూడదన్నారు కాబట్టి చికిత్సే కూడదనుకునే కథోలికులున్నారు, అది పొరపాటు. అండం విడుదలకు డాక్టరు పర్యవేక్షణలో ఐదు రోజులు లెట్రోజోల్ మాత్రలు, అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లు, థైరాయిడ్, ప్రోలాక్టిన్ హార్మోన్లను సరిదిద్దడం, మూసుకుపోయిన ట్యూబులకు, వృషణాల దగ్గర నరాలు ఉబ్బే వేరికోసీల్‌కు శస్త్రచికిత్స వంటివాటికి బోధలో అడ్డేమీ లేదు. వీర్య పరీక్షకు నమూనా ఇచ్చే మామూలు పద్ధతి మీద అభ్యంతరం ఉన్నవారికీ దారి ఉంది. వీర్యకణాలకు హాని చేసే రసాయనాలు లేని ప్రత్యేక కండోమ్‌కు చిన్న చిల్లు పెట్టి, కలయిక సమయంలో సేకరించి, గంటలోపు ల్యాబ్‌కు చేర్చవచ్చు. దుకాణంలో దొరికే మామూలు కండోమ్ వాడితే కణాలు చచ్చిపోయి రిపోర్టు తప్పు వస్తుంది. విచారణ (పారిష్) గురువులకు ఇవన్నీ చెప్పడం మొహమాటమే అయితే, ఆ పని విచారణలోని నర్సమ్మకో డాక్టరమ్మకో అప్పగించవచ్చు.

ప్రొటెస్టెంట్ల సంగతి వేరు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న ఈ చెన్నైలోనే, సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఏర్పడింది. ఐవీఎఫ్ మీద సభ్యులందరినీ కట్టిపడేసే ఏకైక బోధ ఆ సంఘంలో లేదు, తెలుగు బాప్టిస్టుల్లో లేదు, పెంతెకొస్తు సంఘాల్లో అసలే లేదు. క్రైస్తవ ఆసుపత్రి అయిన వేలూరు సీఎంసీలోనే ఐవీఎఫ్ చికిత్స ఉంది. యిర్మీయా మొదటి అధ్యాయం, 139వ కీర్తన ఆధారంగా ఫలదీకరణ క్షణం నుంచే పిండాన్ని మనిషిగా చూడాలనేవారు ఒకవైపు ఉన్నారు. సుమారు 14 రోజుల వరకు ఒకే పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు కాబట్టి, అప్పటివరకు దాన్ని ఒక వ్యక్తి అనలేమనేవారు మరోవైపు. బ్రిటన్‌లో 1984 నాటి వార్నాక్ కమిటీ పరిశోధనకు 14 రోజుల హద్దు సూచించింది, 1990 చట్టం దాన్ని ఖాయం చేసింది. ఈ వాదాన్ని మా పత్రిక తేల్చలేదు, తేల్చబోదు కూడా. అయితే మొదటి వైపు నిలబడినవారు ల్యాబ్‌లోనూ అదే మాట మీద నిలబడాలి. మందిరంలో ఒక నమ్మకం, కన్సెంట్ ఫారం మీద మరో నమ్మకం కుదరవు.

నిలబడాలంటే ఏం చేయాలి? పక్వమైన అండాల్లో మూడు, నాలుగింటినే ఫలదీకరించి, మిగిలినవాటిని అండాలుగానే ఫ్రీజ్ చేయమని అడగవచ్చు. అండం పిండం కాదు కాబట్టి దాన్ని వదిలేసుకున్నా మనస్సాక్షికి భారం ఉండదు. ఇది ఇంజెక్షన్లు మొదలుకాకముందే డాక్టరుకు చెప్పి, పిండాలను చూసుకునే ల్యాబ్ నిపుణుడి (ఎంబ్రియాలజిస్టు) షీటులో రాయించాల్సిన మాట. ఏ అండం పక్వమైందో తెలియాలంటే, ఫ్రీజ్ చేయాలంటే, చుట్టూ ఉన్న కణాలను పికప్ రోజే గంటల వ్యవధిలో ఒలిచేయాలి. మామూలు ఐవీఎఫ్ పద్ధతిలో వాటిని మరునాటి దాకా ఒలవరు. అప్పటికి అండాలన్నీ వీర్యంతో కలిసిపోయి ఉంటాయి. అందుకే ఈ దారిలో ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించే ఇక్సీ తప్పదు. కరిగించాక కొన్ని అండాలు బతకవు, బతికినవాటిలోనూ పైన చెప్పిన తరుగు మళ్లీ ఉంటుంది. ఖర్చు పెరుగుతుంది. నాలుగైదు అండాలే దొరికినవారికి, నలభై దాటినవారికి ఈ పరిమితి పెడితే ఐదో రోజుకు ఒక్క పిండమూ మిగలకపోవచ్చు. ఆ మాట డాక్టర్లు దాచకూడదు, సంఘాలూ దాచకూడదు. ఎదుగుదల ఆగి 24 గంటలుగా విభజన లేని పిండాన్ని చనిపోయినట్టే భావించవచ్చని కొందరు క్రైస్తవ నైతికవేత్తలు అంటారు. గ్రేడు తక్కువైనా ఎదుగుతున్నదాన్ని పారేయడం వేరే విషయం. ఫారంలో ఈ రెంటినీ విడివిడిగా రాయించుకోవాలి.

దీన్ని చట్టంతో రుద్దాలనేవారు ఇటలీని చూడాలి. 2004 నాటి 40వ చట్టం మూడు పిండాలకు మించి సృష్టించరాదని, అన్నింటినీ ఒకేసారి గర్భంలో పెట్టాలని, ఫ్రీజింగ్ కూడదని శాసించింది. వయసులో చిన్నవారికి ఒకే కాన్పులో ముగ్గురు బిడ్డల ముప్పు, పెద్దవారికి మళ్లీ మళ్లీ ఇంజెక్షన్ల బాధ. ఆ మూడు పిండాల పరిమితిని 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. జర్మనీలో మరో ఉపాయం నడుస్తోంది. వీర్యకణం లోపలికి వెళ్లాక, రెండు కేంద్రకాలు ఇంకా కలవని దశలోనే ఫ్రీజ్ చేస్తారు. 1990 చట్టం ప్రకారం అది ఇంకా పిండం కాదు. కథోలికులకు మాత్రం ఆ గీత ఊరటనివ్వదు.

మన చట్టం దంపతుల చేతికి చాలానే ఇచ్చింది. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం రాతపూర్వక సమ్మతి, స్పష్టమైన సూచనలు లేకుండా పిండాన్ని ఫ్రీజ్ చేయకూడదు. ఒకరు మరణిస్తే ఏం చేయాలో కూడా రాయించుకోవాలి. గర్భంలో ప్రవేశపెట్టే ముందు వరకు సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీది హక్కు పికప్ రోజు ఉదయం ఆవిరైపోతోంది. పరగడుపున, చేతికి సెలైన్ సూది పెట్టించుకున్న మహిళ ముందు ఇంగ్లిష్ ఫారాల కట్ట పెట్టి సంతకాలు అడిగితే దాన్ని సమ్మతి అనలేం. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి వచ్చేవారి మీద వ్యాపారం చేసే కేంద్రాలు తెలుగు ఫారాన్ని కనీసం మొదటి ఇంజెక్షన్ రోజే ఇంటికి ఇచ్చి పంపాలి. అందులో 'ఎన్ని అండాలను ఫలదీకరించాలి' అన్న గడి ఉండాలి.

సంఘాల వంతు పని అంతకంటే తేలిక. పెళ్లికి ముందు ఇచ్చే కౌన్సెలింగ్‌లో అరగంట దీనికి కేటాయిస్తే చాలు. పరాయి అండం, పరాయి వీర్యం గురించీ అప్పుడే మాట్లాడుకోవాలి. అండ దాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడు అండాలకు మించి తీయరాదని చట్టం పెట్టిన హద్దులు ఆమె ఆరోగ్యాన్ని కాపాడతాయేమో గానీ, బిడ్డ కోసం శారా తన దాసి హాగరును భర్తకు అప్పగించిన బైబిల్ కథలోని చిక్కును తీర్చవు. మాట్లాడినవి బయటికి పొక్కకూడదు. పేరు చెప్పి ప్రార్థన మనవి చదవడం మేలు చేసినట్టు కాదు. ఐవీఎఫ్‌తో పుట్టిన బిడ్డను తక్కువ చూపు చూసే పెద్దలుంటే, ఆ పద్ధతిని తప్పుబట్టిన 'దోనుమ్ వీతే'యే ప్రతి బిడ్డనూ దేవుని వరంగా స్వీకరించాలని చెప్పిందని గుర్తుచేయాలి.

ఇప్పటికే పిండాలు నిలవ ఉంచినవారు ఏటా అద్దె కట్టి ఊరుకోకూడదు. ఎన్ని ఉన్నాయి, ఏ రోజువి, ఏ తేదీన ఫ్రీజ్ చేశారు అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. నిలవకు చట్టం ఇచ్చిన గడువు పదేళ్లు. ఆ తర్వాత మిగిలేవి రెండే దారులు: నశించనివ్వడం, లేదా సమ్మతితో రిజిస్టరైన పరిశోధన సంస్థకు ఇవ్వడం. ఫలదీకరణతోనే ప్రాణమని నమ్మేవారు ఈ రెంటిలో దేన్నీ ఒప్పుకోలేరు. పైగా అందరికీ పదేళ్లు ఉండవు. చికిత్సకు భార్య వయసు 50 లోపు, భర్త వయసు 55 లోపు ఉండాలని అదే చట్టం అంటోంది. భార్యకు 43, భర్తకు 49 ఉన్నప్పుడు ఫ్రీజ్ చేయించుకున్న దంపతులకు ఉన్నది ఆరేళ్లే.