గెలిచాక ఆ కొట్టుడేంటి?

2018 అక్టోబర్‌లో లాస్ వేగాస్‌లో జరిగిన ఖబీబ్, మెక్‌గ్రెగర్ యూఎఫ్‌సీ పోరు (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన ఆట) గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. నాలుగో రౌండ్‌లో ఖబీబ్ మెడ బిగించాడు, మెక్‌గ్రెగర్ చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఎంత గొప్ప గెలుపు! మనం చప్పట్లు కొట్టేలోపే ఖబీబ్ బరి చుట్టూ ఉన్న కంచె ఎక్కి అవతలికి దూకి, ప్రత్యర్థి జట్టు వాడి మీద పడ్డాడు. లోపలేమో ఖబీబ్ మనుషులు మెక్‌గ్రెగర్ మీదికి వెళ్లారు.

మెక్‌గ్రెగర్ అతని తండ్రినీ మతాన్నీ తిట్టాడు, నిజమే. ఆ నోటికీ శిక్ష పడాల్సిందే. కానీ కంచె అవతల జనం కూర్చున్నారు కదా, వాళ్లేం పాపం చేశారు?

లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఇలాంటి పోటీల్ని చూసుకునే కమిషన్ ఖబీబ్‌కి వేసింది 5 లక్షల డాలర్ల జరిమానా, 9 నెలల నిషేధం. ఆ ఒక్క రాత్రికి అతని ఫీజు 20 లక్షల డాలర్లు! ఏడాదికి ఒకటో రెండో పోరాటాలు ఆడేవాళ్లకి 9 నెలలంటే విశ్రాంతి. పైగా ఛాంపియన్ బెల్ట్ అప్పుడు అతని దగ్గరే ఉండిపోయింది.

బెల్ట్ లాగేసుకోవాల్సిందండీ. ఆ రాత్రి ఫీజు మొత్తం పోవాల్సింది. మా ఊళ్లో కుస్తీ పట్టే పిల్లలు గెలిచాక ఓడినవాణ్ణి చెయ్యిచ్చి లేపుతారు, ఎవరూ చెప్పకుండానే.