చెట్టుకు పట్టిన గజ్జి

సుందరీకరణ కమిటీ వారికి సాష్టాంగ నమస్కారం. మొన్న ఆదివారం ఇనుప బ్రష్షులూ బ్లీచింగ్ నీళ్లూ పట్టుకొచ్చి, వీధి చివరి చెట్టుకు పట్టిన "గజ్జి"ని గంటన్నర సేపు గీకి గీకి వదిలించారు. మాను నున్నగా తేలింది. ఫొటోలు దిగారు. ఆ పక్కనే ఉన్న డీజిల్ జనరేటర్ పొగ ఫొటోలో పడకుండా కెమెరాను కాస్త ఎడమకు జరిపారు. కళాదృష్టి అంటే అదీ.

ఆ గజ్జి పేరు లైకెన్. చెట్టు రసం పీల్చదు, బెరడు మీద నిలువనీడ చూసుకుంటుంది, అంతే. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, శైవలం అనే నాచు ఎండతో వంట చేస్తుంది, అదొక కాపురం. వేళ్లు లేవు, ఆకులకుండే మైనపు పొర లేదు. గాలీ వానా ఏది తెస్తే అది ఒళ్లంతా పీల్చుకోవాల్సిందే. సీసం వస్తే సీసం, పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తే అదీ. ఆ రెండోది లోపలి పత్రహరితాన్ని చెడగొడుతుంది. పొయ్యి ఆరిపోతుంది, కాపురం కూలుతుంది. చాలా జాతులు ఏడాదికి పెరిగేది కొద్ది మిల్లీమీటర్లే, కొన్నైతే ఒక్క మిల్లీమీటరు కూడా కాదు. గంటన్నరలో గీకేసింది ఎన్నేళ్ల ఆస్తో లెక్కగట్టే శ్రమ మీకెందుకు లెండి.

1866లో ప్యారిస్‌లో నైలాండర్ అనే శాస్త్రవేత్త, గాలి మంచిచెడ్డలు లైకెన్లే చెబుతాయన్నాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు, ఇంగ్లండ్, వేల్స్ చెట్ల మీది లైకెన్లను బట్టి సల్ఫర్ డయాక్సైడ్‌ను అంచనా కట్టే పట్టిక తయారుచేశారు. సున్నా నుంచి పది దాకా మార్కులు, పది వస్తే స్వచ్ఛమైన గాలి. అట్టడుగున చెట్టు మీద ఏమీ ఉండదు, మాను నున్నగా ఉంటుంది. అచ్చం మీ ఫొటోలోలాగా.

లైకెన్‌ను విచారణకు పిలిస్తే ఎలా ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతూ ఉంటుంది.

"గాలి బాగాలేదన్నది నువ్వేనా?" అంటారు అధ్యక్షులవారు. లైకెన్ అంచులు తెల్లబోతాయి.

"రాతపూర్వకంగా ఇచ్చావా?" ఒక మూల రాలి కింద పడుతుంది.

"రాలింది రికార్డుకెక్కించకండి, ఊడ్చేయండి. మిగతా సాక్షులేరీ?"

"రోడ్డు పక్కవాళ్లంతా పోయారండీ," అంటాడు బంట్రోతు.

"గైర్హాజరు అని రాయి."

అంతలో వెనక బెంచీ నుంచి లెకనోరా కొనిజియోయిడిస్ అనే మరో జాతి లైకెన్ లేస్తుంది. బ్రిటన్ నగరాల్లో సల్ఫర్ పొగ దండిగా ఉన్న రోజుల్లో మానులన్నీ ఏలింది ఇదే. పొగ తగ్గాక ఇదీ తగ్గిపోయింది. ప్రభుత్వం మారగానే కనబడకుండా పోయే సలహాదారు బాపతు. "గాలి అమోఘం సార్, నాకే ఇబ్బందీ లేదు," అంటుంది. దాని వెనకే పసుపుపచ్చటి జాంథోరియా, ఇంకో లైకెన్: "పొలాల అమోనియా బాగా అందుతోంది, చల్లగా ఉండాలి బాబూ." ఈ రెండు వాంగ్మూలాలూ అక్షరం పొల్లుపోకుండా నమోదవుతాయి. మొదటి సాక్షి అప్పటికే చచ్చిపోయింది. సంతకం లేదు కనుక దాని మాట చెల్లదు.

2005లో లైకెన్లను అంతరిక్షంలోకి పంపి, దాదాపు రెండు వారాలు శూన్యానికీ అతినీలలోహిత కిరణాలకూ వదిలేశారు. తిరిగొచ్చి మళ్లీ వంట మొదలెట్టాయి. ఆ వంశం వాళ్లు మన రోడ్డు పక్కన బతకలేకపోతున్నారు! అయ్యా, ఆ గాలే కదా పిల్లలు పీలుస్తున్నది? ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే పిల్లకు కూడా బ్రష్షు పట్టుకొస్తారా? పొగ గొట్టం కాస్త ఎత్తు పెంచమని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. నిధులు లేవన్నారు. బ్లీచింగ్‌కు ఎక్కడివి? సిగ్గుండాలి!

క్షమించండి. కమిటీ మర్యాద మరిచాను.

వచ్చే ఆదివారం రెండో చెట్టు. గీకేశాక మానుకు ఆకుపచ్చ పెయింటు వేస్తారట, సహజంగా కనబడాలని. బ్రష్షులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.