ఉచిత న్యాయ విజ్ఞాన తరగతి వారికి ఒక అర్జీల రాతగాడి విన్నపము

మహారాజరాజశ్రీ ఉచిత న్యాయ విజ్ఞాన తరగతి వారి దివ్య సముఖమునకు,

కర్నూలులో కోర్టు గోడ పక్కన వేపచెట్టు కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, మొదట ఒక టైపు మిషను, ఇప్పుడు దాని స్థానంలో ఒక పాత కంప్యూటరు పెట్టుకొని, ముప్పై ఒక్క సంవత్సరాలుగా అర్జీలు, నోటీసులు, కరారునామాలు, దస్తావేజులు రాసి పొట్ట పోసుకుంటున్న ఒక రాతగాడు చేసుకొను విన్నపము ఏమనగా:

తమరు న్యాయ గ్రంథాలయంలో నెలకొకసారి కొలువుతీరి, వచ్చినవారికల్లా చట్టాన్ని పైసా తీసుకోకుండా పంచిపెడుతున్నారు. ఇది ధర్మకార్యమని ఊరు మెచ్చుకుంటున్నది. నా వంటివాడి నోటి దగ్గర కూడు తీసే ధర్మం గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు గనుక నేనే రాసుకుంటున్నాను. రాయడం నాకు అలవాటే. ఈ ఒక్కదానికే ఎవరి దగ్గరా రుసుము తీసుకోలేదు.

మా వృత్తికి ఒక చరిత్ర ఉన్నది. 1839లో నవాబు ఏలుబడి పోయి కర్నూలు కుంపిణీ చేతికి వచ్చినప్పటికీ వకాలతు, దావా, జప్తు, జామీను, వాయిదా అనే మాటలు చెక్కుచెదరలేదు. వాటి నెత్తిన ఇంగ్లీషు చట్టాలు, ఇంగ్లీషు తీర్పులు పేరుకున్నాయి. కింద పారసీ మాట, పైన ఇంగ్లీషు మాట, మధ్యలో కోడుమూరు నుంచో కోసిగి నుంచో బస్సు దిగి వచ్చిన తెలుగు మనిషి. ఆ సందులోనే నా బల్ల ఉన్నది. చట్టం తెలియదన్న సాకు చెల్లదని కోర్టువారు అంటారు. ఆ చట్టం ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పరు. ఈ రెండు వాక్యాల మీదనే నేను ఇద్దరు కూతుళ్ల పెండ్లిళ్లు చేశాను.

మా ఊరికి హైకోర్టు వస్తుందని నా తండ్రి కాలం నుంచి వింటున్నాను. రాజధాని ఒకచోట, హైకోర్టు మరొకచోట అని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. 1953లో రాజధాని మాకు వచ్చి మూడేళ్లు ఉండి 1956లో వెళ్లిపోయింది. 2020లో మమ్మల్ని న్యాయ రాజధానిని చేస్తూ చట్టం తెచ్చి మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. హైకోర్టు వస్తే బల్ల పక్కన రేకుల షెడ్డు వేద్దామనుకొని రేకులు కూడా బేరమాడి పెట్టుకున్నాను. హైకోర్టు రాలేదు గానీ తమరు వచ్చారు.

మొదటిసారి తమ ప్రకటన చూసినప్పుడు భయపడ్డ మాట వాస్తవం. బల్ల మూసి మొదటి తరగతికే వచ్చి వెనక వరుసలో కూర్చున్నాను. వచ్చాక మనసు కుదుటపడింది. తరగతి బుధవారంనాడు పదకొండు గంటలకు పెట్టారు. కూలికి పోయేవారు, అంగడి నడిపేవారు, ఆదోని అవతల ఊళ్ల నుంచి గుంటూరు మిరప కోతలకు వలస వెళ్లినవారు, అంటే చట్టంతో రోజూ పని పడేవారు, ఎవరూ రాలేని ముహూర్తం అది. జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె వెతికేసరికి పావు గంట, వేదిక మీది పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకొనేసరికి అర గంట గడిచాయి. కప్పించుకున్న శాలువాలు తీసి కుర్చీ వీపున వేసుకున్నారు, ఎండాకాలం గదా. ఆ తర్వాత ఒక వక్త లేచి, రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఎ అధికరణం 1976లో 42వ సవరణ ద్వారా చేరినదనీ, న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చినదనీ, అది 1995 నవంబరు 9న అమలులోకి వచ్చినదనీ సెలవిచ్చారు. పుట్టిన చట్టం నడక నేర్వడానికి ఎనిమిదేళ్లు ఎందుకు పట్టిందని నా ముందు వరుసలోని ముసలాయన అడగబోయాడు గానీ, అప్పటికే టీ వచ్చింది. ఆ వక్త వాడిన తెలుగు అర్థం చేసుకోవడానికి మరొక ఉచిత తరగతి పెట్టవలసి ఉంటుంది. గోడ పొడుగునా అద్దాల బీరువాల్లో తీర్పుల సంపుటాలు తోలు అట్టలతో మెరుస్తున్నాయి. వాటికి తాళాలు వేసి ఉన్నాయి. తమ వల్ల నాకు ఏ నష్టమూ లేదని నిశ్చయించుకొని, సంతోషంతో రెండు టీలు తాగి ఇంటికి వెళ్లాను.

ఆ పద్ధతిలోనే తమరు కొనసాగి ఉంటే ఈ విన్నపమే ఉండేది కాదు. నాలుగో నెలలో ఒక లాయరమ్మను పిలిచారు. వయసు మళ్లిన మనిషి, శాలువా వద్దన్నది, మైకు వద్దన్నది, కుర్చీ జనం మధ్యకు లాక్కొని కూర్చొని, "మీలో ఎవరికి ఏం ఇబ్బంది ఉన్నదో చెప్పండమ్మా" అన్నది. ఇది తరగతి నడిపే పద్ధతేనా అని తమరు ఒక్కసారి ఆలోచించాలి.

ఆనాటి నుంచి నాకు జరిగిన నష్టం వివరాలు ఇవి. సమాచార హక్కు అర్జీకి నేను మూడు పేజీలు రాసేవాడిని. అర్జీదారు పుట్టు పూర్వోత్తరాలు ఒక పేజీ, ఆ సమాచారం ఎందుకు కావలసి వచ్చిందో ఒక పేజీ, ఇస్తే జన్మజన్మలకు రుణపడి ఉంటానని ఒక పేజీ. పేజీకి యాభై రూపాయలు. 2005 నాటి ఆ చట్టంలో కారణం చెప్పనక్కరలేదని స్పష్టంగా రాసి ఉన్నదని ఆమె చెప్పింది. రెండో పేజీ పోయింది. తెల్లకాగితం చాలునన్నది, రుసుము మండల కార్యాలయంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, గ్రామ స్థాయిలో అసలే లేదన్నది, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదన్నది. జవాబుకు గడువు 30 రోజులన్నది. అంతటితో ఊరుకోక, రాయడం రానివారు నోటితో చెబితే దానిని కాగితం మీద పెట్టడానికి ఆ సమాచార అధికారే సాయం చేయాలని కూడా చట్టంలో ఉన్నదన్నది. ముప్పై ఒక్క ఏళ్లలో నాకు పోటీగా సర్కారు జీతగాడినే నిలబెట్టిన మనిషి ఈమె ఒక్కతే. ఆ అధికారులకు ఈ సంగతి తెలియకపోవడమే ప్రస్తుతానికి నన్ను కాపాడుతున్నది.

ప్రాంసరీ నోట్ల సంగతి ఇంకా ఘోరం. ఎమ్మిగనూరు వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. ఎవరికో రెండు లక్షలు అప్పిచ్చి ప్రాంసరీ నోటు రాయించుకున్నది. మూడేళ్లు దగ్గరపడినప్పుడల్లా కాలదోషం పడుతుందని, అంటే ఇక దావా వేయడానికి వీలుండదని నేను భయపెట్టి, పాత నోటు చించి కొత్త నోటు రాసి, సాక్షులను కూడా నేనే సమకూర్చి, మూడు వందలు తీసుకొనేవాడిని. తరగతి మరునాడు ఆమె వచ్చి, నిలబడే, "ఏం యప్పా, గడువు లోపల ఎంతో కొంత కట్టిచ్చుకోని, నోటు ఎనక చెల్లు రాసి వానితో సంతకం పెట్టిచ్చుకుంటే మళ్లా మూడేండ్లు ఉంటాదంట గదా, ఇన్నేండ్లు ఎందుకు చెప్పల్యా?" అని అడిగింది. నేను జెరాక్సు మిషను పాడైందని లోపలికి వెళ్లవలసి వచ్చింది. స్టాంపు కాగితం కొని ఆరు నెలలు దాటితే చెల్లదని చెప్పి కొత్తది కొనిపించే పాత ఆచారం కూడా పోయింది. ఆ ఆరు నెలలు వాడని కాగితానికి సొమ్ము వాపసు అడగడానికే గానీ రాసుకోవడానికి కాదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. పోలీసు ఫిర్యాదుల రాత సగానికి పడిపోయింది. నోటితో చెప్పినా వారే రాసుకొని, చదివి వినిపించి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలట.

2024 జూలై 1న శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చినప్పుడు నేను లోలోపల సంబరపడ్డాను. మోసానికి 420 పోయి 318 వచ్చింది. వకీళ్లు సైతం పుస్తకాలు తిరగేస్తున్నారు. మా పేటలో తిట్టు మాత్రం ఇంకా పాత చట్టం ప్రకారమే నడుస్తున్నది. ఊరంతా ఒక్క రాత్రిలో మళ్లీ అజ్ఞానంలో పడిందనీ, నాకు పదేళ్లకు పని దొరికిందనీ అనుకున్నాను. తమరు వరుసగా రెండు నెలలు దాని మీదనే తరగతులు పెట్టారు. మరి ఏ కక్షతో పెట్టారో తెలియదు.

అన్నింటినీ మించి నన్ను దెబ్బతీసినది ఆడబిడ్డల హక్కు విడుదల దస్తావేజు. మా ప్రాంతంలో తండ్రి పోయిన తర్వాత అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను కారులో రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకొని వచ్చి, చీర, రవికె గుడ్డ, మధ్యాహ్నం హోటలు భోజనం పెట్టి, నాలుగెకరాలలో వాటా వదులుకుంటున్నట్లు సంతకం చేయించుకోవడం ఆనవాయితీ. "నా అన్నదమ్ముల మీది ప్రేమాభిమానముల చేత, ఎవరి ఒత్తిడియు లేకుండా" అనే వాక్యం నా కంప్యూటరులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పేర్లు మారిస్తే చాలు. లాయరమ్మ ఒక పూట కూర్చొని, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా మన రాష్ట్రంలో 1986లోనే వచ్చిందనీ, దేశమంతటికీ 2005లో చట్ట సవరణతో వచ్చిందనీ, ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న మెలికను 2020లో సుప్రీంకోర్టు విప్పిందనీ, బతికి ఉండనక్కరలేదనీ చెప్పింది. పైగా ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుందనీ, 15100కు ఫోను చేస్తే చాలుననీ చెప్పింది. పోయిన నెలలో ఒక చెల్లెలు నా బల్ల దగ్గరే ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదివి, "ఒత్తిడి లేదని ఎవరు చెప్పినారు సామీ నీకు? నన్ను అడిగినావా?" అన్నది. అన్నలు నా వంక చూశారు. ఆ దస్తావేజు రుసుము నేటి వరకు రాలేదు. హోటలు భోజనమూ జరగలేదని విన్నాను.

కాబట్టి తమరిని ప్రార్థించునది ఏమనగా: తరగతి వేళను బుధవారం పదకొండు గంటల నుంచి మార్చవద్దు. ఆదివారం సాయంత్రం పెడదామని ఎవరో అంటున్నట్లు తెలిసింది, అది అనాలోచితం. శాలువాల సంఖ్య పెంచండి. అవసరమైతే నా తరఫున రెండు సమర్పించుకుంటాను. తీర్పులను తెలుగులో క్లుప్తంగా అచ్చువేసి గోడకు అంటించాలనే ఆలోచన విరమించుకోండి. బీరువాల తాళం చెవి ప్రస్తుతం ఎవరి దగ్గర ఉన్నదో వారి దగ్గరే ఉండనివ్వండి. లాయరమ్మ గారికి సన్మానం చేసి, పెద్ద పదవి ఏదైనా ఇచ్చి వేదిక మీద కూర్చోబెట్టండి. అక్కడ కూర్చున్నవారెవరూ ఇంతవరకు నాకు హాని చేయలేదు.

వచ్చే నెల తరగతి వీలునామాల మీద అని బోర్డు పెట్టారు. అందులో ఆమె ఏమి చెప్పబోతున్నదో నాకు తెలుసు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను చేయించి తీరాలన్న నియమం లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయిస్తే చాలు. ఈ మూడు ముక్కలు తప్ప మిగిలినదంతా చెప్పుకోనివ్వండి. ఆ ముక్కల వంతు వచ్చే సమయానికి టీ తెప్పించగలరు. టీ ఖర్చు నేను భరిస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
అర్జీల రాతగాడు,
కోర్టు గోడ పక్క వేపచెట్టు, కర్నూలు.

(జెరాక్సు సౌకర్యము కలదు. బుధవారము పదకొండు నుండి ఒంటి గంట వరకు బల్ల మూసి ఉండును.)