సముద్రం మీద రోజులు వేస్ట్ కాదండి
అమెజాన్ నదిలోకి ఎంటర్ అయ్యేదాకా సముద్రం మీద షిప్‌లో గడిపే రోజులు ఊరికే టైంపాస్ అని ఈ క్రూజ్‌ల గురించిన ఆర్టికల్‌లో రాశారు, నేనైతే అస్సలు ఒప్పుకోను. నేను వెళ్లిన స్టడీ క్రూజ్‌లో పొద్దున లెక్చర్‌లో ఈ నది సెకనుకి దాదాపు 2 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు అట్లాంటిక్‌లో పోస్తుందని చెప్తే ఏదో అంకెలే అనిపించింది, కానీ తర్వాత డెక్ మీదకెళ్లి చూస్తే ఒడ్డు జాడే లేదు, అయినా నీలంగా ఉన్న నీళ్లు ఆకుపచ్చకి తిరిగి మెల్లగా బురద రంగులోకి వచ్చేస్తున్నాయి, బకెట్‌తో తోడి మీటర్ పెట్టి చూపిస్తే ఉప్పు ముందురోజు కంటే బాగా పడిపోయింది! 1500లో పింజోన్ అనే స్పెయిన్ నావికుడు కూడా సముద్రంలో మంచినీళ్లు తగిలాకే ఇక్కడో పెద్ద నది ఉందని కనిపెట్టాడు కదా. ఫ్లైట్‌లో నేరుగా బ్రెజిల్ లోపల అమెజాన్ అడవి మధ్యలో ఉన్న మనౌస్ సిటీకి వెళ్లి దిగేవాళ్లకి ఇదంతా ఎలా తెలుస్తుంది చెప్పండి.