సాయం అందుకున్న వైపు నుంచి చెప్తున్నా
మీ పోస్టులో, జీతం లేకుండా వాలంటీర్లే సెలవు రోజుల్లో చందాలు పోగేసి వేరే దేశం పిల్లల్ని చదివిస్తున్నారని రాసినారు కదా, చదువుతుంటే కండ్లలో నీళ్లు తిరిగినాయి. మాది అనంతపురం పక్కన పల్లె, 1969లో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ సారు ఇక్కడ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ పెట్టినాక స్పెయిన్‌లో ఎవరెవరో మామూలు ఇండ్లోళ్లు పంపిన డబ్బుతోనే మా అక్క, నేను చదువుకున్నాం. అట్ల డబ్బు పంపే స్పాన్సర్‌కి మేం బొమ్మ గీసి పంపాల, నేనెప్పుడూ శెనక్కాయ చెట్టే గీసేవాణ్ణి, మన్ను కింద కాయలతో సహా. ఆ స్పాన్సర్ వాళ్ల ఫొటో మా అమ్మ ఇప్పటికీ బీరువాలో చీరల మధ్య దాచిపెట్టుకుంది. ముందు మీ ఊరోళ్లకి చేసుకోండి అనేవాళ్లు యాడైనా ఉంటారు, ఆ స్పెయిన్ వాళ్లూ అట్లే అనుకునింటే మా అక్క ఈరోజు నర్సు అయ్యేది కాదు. ఒక్కటే అడుగుతా, చేయి పట్టుకున్న పిల్లని మధ్యలో మాత్రం వదలొద్దండి, పదోతరగతితో ఫీజు ఆగిపోతే ఆడపిల్లకి పెండ్లి చేసేస్తారు.